ముత్తమ్మ గుండె, నా కుళ్ళు

రిటైరైన డాక్టర్ల జ్ఞాపకాల్లో ‘సేవ’ అన్న మాట పేజీకి రెండుసార్లయినా ఎదురవుతుంది. ఇక్కడ దానికోసం వెతక్కండి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోయే అడవి అంచున ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను జనరల్ ఫిజీషియన్‌గా పనిచేశాను. బదిలీ అడుక్కోకుండా అన్నేళ్ళు అక్కడే ఉండిపోవడానికి కొంత జీతం కారణం, కొంత మొండితనం కారణం. చివరి ఏళ్ళలో ఆ రెంటికంటే గట్టిగా పనిచేసింది మాత్రం కుళ్ళు. మన చేతిలో పెరిగిన రోగిని ఇంకొకడు ఒక్కపూట చూసి దండ వేయించుకుని పోతుంటే కడుపులో రగులుతుందే, అదే.

దానికి సిగ్గుపడమని చాలామంది సలహా ఇచ్చారు. నేను పడలేదు. ఏజెన్సీలో కొత్తగా పోస్టింగు వచ్చిన మీలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, ‘మాకలాంటివేమీ లేవు మేడం’ అంటారు. ఇప్పుడు లేదు, రేపు వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని దేవుడి గదిలో పెట్టి మొక్కకండి, దుప్పటి కప్పి దాచకండి. బల్లమీద పెట్టి పని చేయించుకోండి. ఎలా చేయించుకోవాలో నాకు ఒక మనిషి గుండె నేర్పింది.

మూడో సంత

ముందు జబ్బు సంగతి. ఇరుకు గుడిసెలో పిల్లకు గొంతునొప్పి వస్తుంది. తగ్గిపోతుంది. కొన్నాళ్ళకు మోకాళ్ళు, మోచేతులు వాచి జ్వరం వస్తుంది. అదీ తగ్గిపోతుంది. కాని ఆ జ్వరం పోతూ పోతూ గుండెలోని వాల్వును గీరి పోతుంది. మళ్ళీ వస్తే మళ్ళీ గీరుతుంది. చివరికి వాల్వు మందమై, రక్తం పోయే దారి సన్నబడి, నిన్నటిదాకా కట్టెలమోపు ఎత్తిన పిల్ల బిందె ఎత్తలేక ఆయాసపడుతుంది. దీన్ని ఆపే మందు ఉంది. మూడు వారాలకొక పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి. మందు చవక, నొప్పి మాత్రం ఎక్కువ.

ఒంట్లో బాగానే ఉన్నప్పుడు, నొప్పి పుట్టే సూది కోసం అడవిలోంచి ఆసుపత్రికి ఎవరొస్తారు? రారని మొదటి ఏడాదే అర్థమైంది. మా వైపు గూడేల్లో జనానికి తేదీలు పట్టవు, సంతలు పడతాయి. ఉప్పుకు, ఎండుచేపలకు ఎలాగూ వారం వారం సంతకు వస్తారు. అందుకని సూదినే సంతకు తీసుకెళ్ళాను. ఎండుచేపల వరుస చివర ఒక తడిక అడ్డం కట్టించి, నేనూ మా నర్సూ కూర్చునేవాళ్ళం. ఒక సంత, రెండో సంత వదిలేసి మూడో సంతకు. జనం దానికి ‘మూడో సంత సూది’ అని పేరు పెట్టుకున్నారు. చేపల కంపులో స్పిరిట్ వాసన కలిసిన ఆ తడిక వెనకే నా ఉద్యోగంలో నిజమైన భాగం గడిచింది.

కారం ముత్తమ్మ అక్కడే తెలిసింది. పర్ణశాల దారికి లోపలగా ఉన్న ఒక కోయగూడెం పిల్ల. తండ్రి వెంట విస్తళ్ళకు వాడే అడ్డాకులు అమ్మడానికి వచ్చేది. సూది దిగగానే నన్ను తిట్టేది.

“నీ చెయ్యిరగ! గిది సూదా, గునపమా?”

“మూడో సంతకు రాకు మరి.”

“వస్త. మళ్ళ తిడ్త.”

అన్నట్టే వచ్చేది. అందరికంటే ముందు తడిక దగ్గర నిలబడేది.

ఒక దశలో ఆ మందు పైనుంచి రావడం ఆగింది. ఎందుకాగిందని అడిగితే జవాబు చెప్పిన నాథుడు లేడు. ఆసుపత్రి గేటు ఎదుట మందుల దుకాణం నడిపే ఖాజా భాయ్ తనకు దొరికినంత తెప్పించాడు. అది అందరికీ చాలలేదు. సరఫరా మళ్ళీ మొదలయ్యేలోగా ముత్తమ్మకు జ్వరం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. అప్పటికి ఆమెకు జోగయ్యతో పెళ్ళయింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి స్టెతస్కోపు పెట్టాను. వాల్వు సన్నబడిన చప్పుడు, దూరంగా ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు. ‘ఈ గుండెతో ఇప్పుడే కానుపు వద్దు’ అని చెప్పి పంపాను. మందులు రాశాను. సూది కొనసాగించాను.

బొట్టు పెట్టిన యంత్రం

ఆ రోజుల్లోనే, రెండువేల దశకం చివర, పేదలకు రాష్ట్ర ప్రభుత్వపు ఆరోగ్య బీమా వచ్చింది. తెల్ల రేషను కార్డు ఉంటే చాలు. పెద్ద ఆపరేషన్లు కార్పొరేటు ఆసుపత్రిలో ఉచితం, బిల్లు బీమా కడుతుంది. మంచి పని. ఈ మాట మొదటే చెప్తున్నాను, తర్వాత నేను పెట్టే శాపనార్థాలు చదివి నన్ను బీమాకు శత్రువును చేయకండి. ఆపరేషన్ అన్న మాట వినగానే ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకున్న మనుషులను నేను చూశాను. వాళ్ళలో కొందరు ఈ పథకం వల్ల లేచి నడిచారు.

పట్నంలోని ఒక కార్పొరేటు ఆసుపత్రి మా ఆసుపత్రి పక్కనున్న బడి ఆవరణలో ఉచిత శిబిరం పెట్టింది. వ్యాన్ నిండా బ్యానర్లు. గుండె లోపలి కదలికను తెరమీద చూపించే ఎకో యంత్రం దించారు. దించి, దానికి బొట్టు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టారు. “కరెంటుతో నడవదా?” అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. కాలేజీ రోజుల నుంచీ మూఢనమ్మకాల మీద వేదికలెక్కి వాదించినదాన్ని. ఇంత చదివినవాళ్ళు యంత్రానికి మొక్కడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాని ఆ రోజు మండింది కొబ్బరికాయకు కాదు.

వ్యాన్ వెనక కారులోంచి దిగినవాడు డాక్టర్ రఘు. ఉద్యోగం కొత్తలో నా దగ్గర డ్యూటీ డాక్టరుగా చేశాడు. వాల్వు సన్నబడిన చప్పుడు వినడం నా వార్డులోనే నేర్చుకున్నాడు. తర్వాత పెద్ద చదువు చదివి గుండె డాక్టరయ్యాడు. ఇప్పుడు మెడలో చామంతుల దండ.

ఆ పొద్దున మా ఔట్‌పేషెంటు వరండా బోసిపోయింది. నా రోగులంతా బడిలో వరుసకట్టి ఉన్నారు. వరుసలో ముత్తమ్మ. తలకు నూనె రాసి, దువ్వి, పూలు పెట్టుకుంది. నా సూదికి ఒక్కనాడూ తల దువ్వుకుని రాలేదు.

ఖాజా భాయ్ దుకాణం గడపలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

“ఏంది డాక్టరమ్మా, గట్ల చూస్తున్నరు? ఇంటికి సవతి దిగినట్టు!”

“సవతే ఖాజా భాయ్. కారులో దిగింది.”

“పరేషాన్ గాకుండ్రి. సవతికి బిర్యానీ వండుడు వస్తది, గంజి కాసుడు రాదు. జరమొస్తె మళ్ళ అందరు మీ గేటుకే.”

“బిర్యానీ నేనూ వండుతా, పొయ్యి ఇమ్మను.”

నవ్వాడు. నేను నవ్వలేదు. అది తమాషాకు అన్న మాట కాదు. నా ఆసుపత్రికి ఎకో యంత్రం కావాలని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. అదే యంత్రం బొట్టు పెట్టుకుని నా కళ్ళముందు, నా రోగుల మధ్య కూర్చుని ఉంది.

రఘు నన్ను చూసి కాళ్ళకు దండం పెట్టబోయాడు. పక్కకు జరిగాను.

“మేడం, మీ ముత్తమ్మను చూశాను. ఎంత బాగా కాపాడుకొచ్చారు! ఇంక వాల్వు మార్చేద్దాం. కార్డుంది, అంతా ఫ్రీ.”

కాపాడుకొచ్చారు, మార్చేద్దాం. మొదటి మాట నాకు, రెండో మాట తనకు పంచాడు.

రాజులు ఆపేసిన మాత్ర

ముత్తమ్మకంటే ముందు అదే పథకంలో, వేరే ఆసుపత్రిలో, సోడె రాజులు అనే అతనికి లోహపు వాల్వు పెట్టారు. వెదురు నరికే కూలి. ఛాతీ మధ్య పొడుగాటి కుట్ల గుర్తుతో గూడేనికి తిరిగొస్తే జనం చుట్టూ చేరి తాకి చూశారు. నడుస్తున్నాడు, ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. పథకం గొప్పతనం చెప్పే సభల్లో చొక్కా విప్పి నిలబడ్డాడు కూడా.

లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకని రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఎంత పలచబడిందో తరచూ పరీక్ష చేయించాలి. మాత్ర ఇచ్చి పంపారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ పరీక్ష మా దగ్గర లేదు, ఆపరేషన్ తర్వాతి పరీక్షలకు మా దగ్గర బీమా లేదు.

వెదురు నరికేవాడి చేతులు తెగకుండా ఉండవు. తెగితే రక్తం ఆగడం లేదని రాజులు గమనించాడు. ఇంతకుముందు ఆగేది, మాత్ర మొదలయ్యాక ఆగడం లేదు. మాత్ర బంద్ చేసి చూశాడు. రక్తం ఆగింది. మాత్ర చెడ్డదని తేల్చుకున్నాడు. మీరు నవ్వేముందు ఆలోచించండి. చూశాడు, పోల్చాడు, మార్చి చూశాడు, నిర్ణయానికి వచ్చాడు. మన వైద్య కళాశాలలు నేర్పే పద్ధతి అదే. అతనికి సగం సమాచారమే ఇచ్చినవాళ్ళది తప్పు. గడ్డ ఒకటి మెదడుకు పోయి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. భార్య అతన్ని నా వరండాలో కూర్చోబెట్టి, “గుండె మంచిగ కొట్టుకుంటుందట అమ్మా” అంది. కొట్టుకుంటూనే ఉంది, చక్కగా.

ఆపరేషన్ అయినంతవరకే బీమా మనిషిని చూస్తుంది. మనిషి ఆ తర్వాత కూడా ఉంటాడు.

అటే తిప్పుతడు

శిబిరం జరిగిన మర్నాడు ముత్తమ్మ, జోగయ్య నా గదికి వచ్చారు. జోగయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“అమ్మా, గా సారు గుండెల బిళ్ళ మారుస్తనంటుండు. మార్చినంక పిల్లలైతరా?”

“ఇప్పుడే ఆ తొందరెందుకు?”

ముత్తమ్మ మొగుడివైపు చూసింది. అతను నేలవైపు చూశాడు.

“వీళ్ళమ్మ ఇంకోదాన్ని తెస్తనంటుంది. పిల్లను గూడ చూసి పెట్టింది.”

“నేను ఒప్పుకోలె,” అన్నాడు జోగయ్య.

“ఒప్పుకోలె అంటడు. గా పిల్ల సంతల కనబడితే తలకాయ తిప్పుతడు.”

“మంచిదే కదా ముత్తమ్మా, తల తిప్పుకుంటే.”

“అటే తిప్పుతడు!”

జోగయ్య చెవులు ఎర్రబడ్డాయి. ముత్తమ్మ ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆ మంటను నేను గుర్తుపట్టాను. నిన్న బడి ఆవరణ బయట నిలబడి నేను పడ్డదే.

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబుంది, అది బాగాలేదు. లోహపు వాల్వు పెడితే ఆ మాత్ర తప్పదు. కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్ర బిడ్డకు ముప్పు, ఆపితే తల్లికి ముప్పు. రాజులుకు జరిగింది ఈమెకు కానుపు గదిలో జరగవచ్చు. కాని వాల్వు మార్చకుండా బాగుచేసే ఇంకో మార్గం ఉంది. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, గుండెలో చిన్న బెలూన్ ఊది, ఇరుకైన దారిని వెడల్పు చేస్తారు. కోత లేదు, లోహం లేదు, ఆ మాత్ర అవసరం కూడా చాలామందికి రాదు. వాల్వు మరీ బండబారకపోతే, లీకు లేకపోతే అది పనిచేస్తుంది.

రఘు మరో శిబిరం కోసం పర్ణశాలలో ఉన్నాడు. జీపు ఎక్కి పోయాను.

“ఎకో చూపించు.”

చూపించాడు. చూశాను.

“లీకు లేదు. బెలూన్ ఎందుకు వద్దు?”

“వాల్వు కొంచెం మందంగా ఉంది మేడం. బోర్డర్ కేసు. బెలూన్ చాలకపోతే మళ్ళీ ఆపరేషన్. ఒకేసారి మార్చేస్తే పోతుంది కదా.”

“పిల్లలు కావాలని ఆమె నీతో చెప్పిందా?”

“నేనే అడగలేదు మేడం. నిన్న వరుస ఎంతుందో చూశారుగా.”

“బీమా జాబితాలో బెలూన్ ఉందా?”

“ఉంది. కాని...” రఘు అబద్ధమాడే మనిషి కాదు. “మా మేనేజ్‌మెంటు పెద్ద కేసులే అడుగుతుంది మేడం. మీకు తెలియనిదేముంది.”

“తెలుసు. మారుస్తావా?”

“మేడం, తప్పుగా అనుకోవద్దు. మీరు ఇదంతా నామీద కోపంతో...”

“కోపం కాదు రఘూ, కుళ్ళు. నిలువెల్లా కుళ్ళు. ఆ యంత్రం నాది కావాల్సింది, ఆ వరుస నాది కావాల్సింది. సరే, అది అక్కడ పెట్టు. ఇప్పుడు వాల్వు గురించి జవాబు చెప్పు.”

రఘు ఎకో తెర ఆపేశాడు. “పట్నం పంపించండి, అక్కడ మళ్ళీ చూస్తాను” అన్నాడు.

కుర్రకారు ఇది గుర్తుపెట్టుకోవాలి. వాదంలో ఓడిపోయేవాడు మాట మీదికి రాడు, మనిషి మీదికి వస్తాడు. ‘నువ్వు కుళ్ళుతో అంటున్నావు’ అంటాడు. అవునంటే సగం గొడవ పోతుంది. కుళ్ళుబోతు కూడినా రెండూ రెండూ నాలుగే. మాట అన్నవాడి మనసులో ఏముందో మాటకు కొలత కాదు. ఎకో తెరమీద ఉన్నదే కొలత.

ఖమ్మంలో ఒక మధ్యాహ్నం

ఆ వారమే ఖమ్మంలో సమావేశం. బీమాను ఇంకా ఎక్కువమందికి అందించడం ఎలాగో జిల్లాల నుంచి అభిప్రాయాలు కావాలన్నారు. కొందరు కార్డు లేనివాళ్ళను చేర్చాలన్నారు, కొందరు జబ్బుల జాబితా పెంచాలన్నారు. రెండూ సరైనవే. పక్క రాష్ట్రం నుంచి సరిహద్దు దాటి వచ్చి మా అడవిలో గుడిసెలు వేసుకున్న కుటుంబాలకు రేషను కార్డు లేదు. కార్డు లేదు కాబట్టి బీమా లెక్కలో వాళ్ళకు గుండె కూడా లేదు. ఆ మాట నేనే గట్టిగా చెప్పాను.

తర్వాత అసలు మాట చెప్పాను. బీమా డబ్బు ప్రభుత్వ ఆసుపత్రికి కూడా రావాలి. మేం చేయగలిగిన పని మాకు కట్టండి, ఆ డబ్బుతో యంత్రం కొంటాం, పరీక్ష పెడతాం. ఆపరేషన్‌కు కట్టినట్టే దానికి ముందున్న సూదికి, దాని తర్వాతున్న పరీక్షకు కట్టండి. సూది ఆపి వాల్వు చెడగొట్టుకుని, ఆ వాల్వు మార్చడానికి కోరినంత ఇచ్చే ప్రభుత్వం ఏ లెక్కలు నేర్చుకుంది?

మా పై అధికారి నెమ్మదైన మనిషి. చేతిలో బిస్కెట్ పట్టుకుని విన్నాడు.

“సరోజిని గారూ, బీమా అనేది పెద్ద ఖర్చుకండీ. సూదికి బీమా ఏంది?”

“సూది అందకనే కదా సార్ పెద్ద ఖర్చు.”

“చేదుగా ఉంటది గాని చెప్త. మీరు మాట్లాడుతున్నది పాలసీ కాదు. కార్పొరేటు వాళ్ళమీద కుళ్ళు.”

గదంతా నవ్వింది.

“అవును సార్, కుళ్ళే. దాంట్లో అనుమానం లేదు. ఇప్పుడు పాలసీ సంగతి చెప్పండి.”

నవ్వు ఆగింది. ఆయన బిస్కెట్ కింద పెట్టాడు. కొంచెంసేపు నిజంగానే ఆలోచించాడని నా నమ్మకం. తర్వాత భోజనాలకు పిలుపొచ్చింది. వంకాయ కూర బాగుంది. తేలింది ఇంకేమీ లేదు.

తిరిగొచ్చేటప్పటికి జోగయ్య తల్లి కూడా వరండాలో కూర్చుని ఉంది. శిబిరంలో ఎంపికైన రోగులను ఎక్కించుకుని వ్యాన్ మర్నాడు పట్నం పోతుంది.

“నువ్వు పొమ్మంటె పోతం, వద్దంటె పోం. గంతే,” అంది ముసలామె.

ఒక్క మాటతో ఆపగలను. రఘు దండలో ఒక పువ్వు తగ్గుతుంది. అలా ఆపితే ముత్తమ్మ ఏదో ఒక వానాకాలం బురదదారిలో ఊపిరాడక పోతుంది. నాకు ఎకో లేదు, బెలూన్ లేదు, ఉన్నది నోరు.

“పోవాలి,” అన్నాను. “కాని ముత్తమ్మా, ఒక మాట నేర్చుకో. నిన్ను ఎవరు ముట్టుకోవడానికొచ్చినా ముందు అడుగు, ‘నాకు పిల్లలు కావాలె, బెలూన్ సరిపోతదా’ అని.”

“నాకు పిల్లలు కావాలె, బెలూన్ సరిపోతదా.”

“ఎవరినడగాలె?” అన్నాడు జోగయ్య.

“అందరినీ.”

లిఫ్టు దాకా

ఆ ‘అందరినీ’ అన్నదాన్ని ముత్తమ్మ నిజంగా పాటిస్తుందని నేననుకోలేదు. పట్నం నుంచి రఘు ఫోన్ చేశాడు. గొంతులో విసుగూ నవ్వూ కలిసి ఉన్నాయి.

“మేడం, ఏం నేర్పి పంపారు? నర్సును అడిగింది. మత్తు డాక్టరును అడిగింది. ఊడ్చేవాళ్ళను అడిగింది. లిఫ్టు నడిపేవాణ్ణి అడిగింది. వాడు నా దగ్గరికొచ్చి, ‘సార్, ఆ అమ్మకు బెలూన్ సరిపోతదా’ అంటున్నాడు!”

“సరిపోతుందా?”

“పథకం డెస్క్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందరికీ వినిపించేలా అడుగుతుంటే, మా మేనేజరే దిగొచ్చాడు. పిల్లలు కావాలని మొత్తుకున్నా వినకుండా వాల్వు మార్చేశారని రేపు పేపర్లో వస్తే ఎవరిది బాధ్యత అన్నాడు. మళ్ళీ ఎకో చేశాను. చేయొచ్చు మేడం. రేపు నేనే చేస్తాను.”

చేశాడు. బాగా చేశాడు. వాల్వు తెరుచుకుంది, లీకు రాలేదు. కుళ్ళు ఉన్నవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది ఇది. ఎదుటివాడు చెడ్డవాడైతే సుఖంగా ఉంటుంది. రఘు చెయ్యి మంచిది. బీమా లేకపోతే ఆ చెయ్యి ముత్తమ్మ దాకా వచ్చేది కాదు. సూది అందితే ఆ చెయ్యి అవసరమే ఉండేది కాదు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించలేనివాళ్ళను పాలసీ సమావేశాలకు పిలవకూడదు.

గూడెంలో మాత్రం పెద్ద చిక్కొచ్చింది. కోత గుర్తు లేదు. రాజులుకు ఛాతీ నిండా కుట్లున్నాయి, ముత్తమ్మకు తొడ దగ్గర చీమ కుట్టినంత మచ్చ.

“కొయ్యనే లేదు, ఏం బాగుచేసిండ్రు?” అని అత్త నామీదికే వచ్చింది. “కార్డు ఊకె రాసుకున్నరు.”

“బిందె ఎత్తి చూడమను.”

ముత్తమ్మ బిందె కాదు, ధాన్యం బస్తా భుజానికెత్తుకుని వాకిలి దాటింది. అత్త నోరు మూసుకుంది. ముత్తమ్మ మాత్రం నాతో రహస్యంగా గునిసింది. “రాజులుకు జూడు, ఎంత మంచిగున్నయో కుట్లు. నాకేమున్నది సూపియ్యనీకి?”

మూడో సంతకు సూది ఆపకూడదని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. జ్వరం తిరిగొస్తే తెరిచిన వాల్వు మళ్ళీ మూసుకుంటుంది. ఆ సూదికి అప్పటికీ బీమా లేదు. వచ్చింది, తిట్టింది, వేయించుకుంది.

పేరు

తర్వాతి ఏడు ఆమెకు నెల తప్పింది. కడుపు పెరిగేకొద్దీ గుండె మీద బరువు పెరుగుతుంది. మా స్త్రీల డాక్టరూ నేనూ ఆమెను చివరి నెల ఆసుపత్రిలోనే ఉంచేశాం. అత్త వరండా చివర మూడు రాళ్ళ పొయ్యి పెట్టి జావ కాచింది. ఏ కార్పొరేటు ఆసుపత్రీ ఒప్పుకోని పొయ్యి అది. పట్నంలో మొగుడు తప్ప తనవాళ్ళెవరూ లేక లిఫ్టువాణ్ణి కూడా పలకరించిన మనిషి ఇక్కడ సగం గూడెంతో కాలం గడిపింది. ఒక మధ్యాహ్నం, నేను ఆమె గుండెమీద స్టెతస్కోపు పెట్టి నిలబడి ఉండగా, మగపిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. రెండో పెళ్ళి మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఇంటికి పంపేముందు పరీక్ష చేయడానికి వెళ్ళాను. ముత్తమ్మ బిడ్డకు పాలిస్తోంది. జోగయ్య, ముసలామె పక్కనే ఉన్నారు.

“పేరు పెట్టుకున్నారా?”

“పెట్టినం,” అన్నాడు జోగయ్య. “రఘు.”

మెడలోంచి స్టెతస్కోపు తీశాను. ఏళ్ళ తరబడి వేసిన సూదులు, జీపులో పర్ణశాల దాకా పోయి పెట్టుకున్న గొడవ, ఖమ్మంలో పడ్డ నవ్వులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. జోగయ్య నా మొహం చూశాడు. సంతలో తల తిప్పిన మనిషికి మొహాలు చదవడం కూడా వచ్చని అప్పుడు తెలిసింది.

“ఆడిపిల్లయితే నీ పేరే పెడ్దుమమ్మా. గాకపాయె. వచ్చేసారి ఆడిపిల్లే అయితది. సరోజిని అని పెడ్తం.”

“అవ్, సరోజిని,” అంది ముసలామె, నోట్లో వేసుకుని చూస్తున్నట్టు. “మంచిగుంది.”

మంచిగానే ఉంది. ఆ నోట్లో నా పేరు అంత బాగుంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ముత్తమ్మను ఎడమ పక్కకు తిరగమన్నాను. బిడ్డను వదలకుండానే తిరిగింది. విన్నాను. బెలూన్ దారి వెడల్పు చేసింది కాని కొత్త వాల్వు ఇవ్వలేదు. చప్పుడు తగ్గింది, పోలేదు. ఈ కానుపుకే ఆ గుండె ఎంత శ్రమపడిందో పక్కన నిలబడి విన్నదాన్ని.

“వచ్చేసారి లేదు ముత్తమ్మా,” అన్నాను. “నీ గుండెకు ఈ ఒక్క కానుపే చాలు. ఇంకొకటి వద్దు.”

“గట్లనా,” అంది ముత్తమ్మ, రఘును ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు మార్చుకుంటూ.